మేలుకొని ఉన్న మెదడును కాంతితో చూడడం

చిలకలూరిపేటలో రోడ్డు పక్కన ఒక అరటిపండ్ల బండి ఉన్నదనుకోండి. ఎదుటి ప్రహరీగోడ మీద ఒక కోతి కూర్చున్నది. బండివాడు ఒక పక్కకు తిరిగి చిల్లర లెక్కపెడుతున్నాడు. కోతి ముందుగా అతని చేతికర్రను చూస్తుంది. తరువాత కుడివైపున వేలాడే గెలను, ఎడమవైపున విడిగా పడి ఉన్న పండును చూస్తుంది. ఒక్క క్షణం ఆగుతుంది. మరుక్షణంలో ఎడమవైపుకు చేయి చాచి, పండు అందుకొని, తిరిగి గోడ మీదికి చేరుతుంది.

బండివానికి కలిగిన నష్టం ఒక పండు మాత్రమే. శాస్త్రజ్ఞునికి మాత్రం కోతి ఆగిన ఆ ఒక్క క్షణమే పెద్ద సమస్య. కుడివైపు కాదు, ఎడమవైపు అని నిర్ణయం ఎప్పుడు జరిగినది? చేయి ఇంకా కదలక ముందే ఆ నిర్ణయం మెదడులో ఎక్కడ, ఏ రూపంలో ఉన్నది?

ఇదే ప్రశ్నను రోగి మంచం పక్క నుంచి కూడా అడగవచ్చును. పక్షవాతం వచ్చి చేయి పడిపోయిన మనిషి మంచినీళ్ళ గ్లాసు అందుకోవాలనుకుంటాడు. ఆ కోరిక మెదడులో పుడుతూనే ఉన్నది. అది చేతికి చేరే దారి మాత్రమే తెగిపోయినది. ఆ కోరికను మెదడులోనే చదవగలిగితే, దానిని ఒక యంత్రపు చేతికి అందించి గ్లాసును నోటి దగ్గరకు తేవచ్చును. కోతి ఆగిన క్షణాన్ని చదవడం నేర్చుకోకుండా ఈ మనిషి కోరికను చదవడం సాధ్యం కాదు. అందుకు శాస్త్రజ్ఞులు ఇటీవల వాడుతున్న సాధనాలలో ముఖ్యమైనది కాంతి.

మిల్లు బయట, మిల్లు లోపల

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. రీసస్ కోతి మెదడులో సుమారు 640 కోట్లు, చుంచెలుక మెదడులో సుమారు 7 కోట్లు ఉంటాయి. ఒక్కొక్క కణం దేహపు వెడల్పు మిల్లీమీటరులో నూరవ వంతు నుంచి యాభయ్యవ వంతు వరకు ఉంటుంది. కణం పనిచేసినప్పుడు దాని పొర మీద ఒక విద్యుత్ స్పందన పుట్టి, సెకనులో సుమారు వెయ్యవ వంతు కాలంలో ముగిసిపోతుంది. ఇంత చిన్న కణాలలో, ఇంత కొద్ది కాలం సాగే పనిని, ఇన్ని కోట్ల చోట్ల గమనించవలసి ఉన్నది.

చిలకలూరిపేట వారికి నూలు మిల్లులు కొత్త కాదు. మిల్లు ప్రహరీగోడ బయట నిలబడిన మనిషికి లోపలి హోరు వినిపిస్తుంది. మిల్లు నడుస్తున్నదో, ఆగిపోయినదో, షిఫ్టు మారినదో ఆ హోరును బట్టి చెప్పగలడు. కాని లోపల ఏ కదురు తిరుగుతున్నదో, ఏ కదురు మీద నూలు తెగినదో చెప్పలేడు. తల చర్మం మీద ఎలక్ట్రోడులు అంటించి మెదడు విద్యుత్తును గ్రహించే పద్ధతి ఇట్టిదే. జర్మనీ దేశపు వైద్యుడు హాన్స్ బెర్గర్ మనిషి మెదడు విద్యుత్తరంగాలను 1924లో నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. అంతకు చాలా ముందే, 1875లో, ఇంగ్లండులో రిచర్డ్ కేటన్ కుందేళ్ళ మెదడు మీద, కోతుల మెదడు మీద విద్యుత్ ప్రవాహాలను కనుగొన్నాడు. ఈ పద్ధతి నేటికీ మూర్ఛరోగ నిర్ణయానికి ఎంతో ఉపకరిస్తున్నది. అయినా అది గోడ బయట నుంచి వినడమే.

రెండవ పద్ధతి మిల్లులోకి వెళ్ళి ఒక్క కదురు దగ్గర చెవి పెట్టడం వంటిది. వెంట్రుక వంటి లోహపు తీగను మెదడులోకి దించి, ఒక్క కణపు స్పందనలను వింటారు. డేవిడ్ హ్యూబెల్, టోర్స్టెన్ వీసెల్ అను శాస్త్రజ్ఞులు ఈ విధంగానే పిల్లుల, కోతుల దృష్టి కేంద్రాన్ని పరిశీలించారు. అక్కడ ఒక కణం నిలువు గీతకు, మరొక కణం వాలు గీతకు స్పందిస్తుందని వారు కనుగొన్నారు. 1981లో వారికి నోబెల్ బహుమానం లభించినది. ఇది గొప్ప విజయమే. కాని ఒకటో, కొన్నో కదుళ్ళ చప్పుడు విని మిల్లు అంతటి పనినీ ఊహించుకోవలసి వస్తుంది.

మూడవ మార్గం ఒకటి ఉన్నది. ప్రతి కదురుకు ఒక చిన్న దీపం అమర్చి, కదురు తిరిగినప్పుడు దీపం వెలిగేటట్లు చేస్తే ఎట్లుంటుంది? అప్పుడు మిల్లు పైకప్పు నుంచి ఒక్కసారి చూస్తే చాలు, ఎక్కడ పని జరుగుతున్నదో, ఏ కదురు తరువాత ఏ కదురు కదిలినదో కంటికే తెలుస్తుంది. మెదడు విషయంలో ఈ ఊహను నిజం చేయడానికి సుమారు అర్ధశతాబ్ది పట్టినది.

మత్తు ఎందుకు పనికిరాదు?

హ్యూబెల్, వీసెల్ పరిశోధనలలో జంతువులు మత్తులో ఉండేవి. మత్తులో ఉన్న కోతి కంటి ముందు గీతను చూపితే, దృష్టి కేంద్రంలోని కణం స్పందిస్తుంది. కనుక ఆ పరిశోధనకు మత్తు అడ్డు రాలేదు. కాని మత్తులో ఉన్న కోతి రెండు పండ్లలో ఒకదానిని ఎంచుకోదు, ఒకదాని మీద దృష్టి నిలపదు, చేయి చాచదు. రాత్రివేళ మూసివేసిన పత్తి మార్కెట్టును చూసి బేరసారాల తీరు తెలుసుకోలేము. గోదాములు ఎక్కడ ఉన్నవో, త్రాసులు ఎక్కడ ఉన్నవో మాత్రమే తెలుస్తుంది. బేరం తెలియాలంటే మార్కెట్టు నడిచే వేళకే పోవాలి.

ఈ మార్పును తెచ్చినవారిలో ముఖ్యుడు అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ ఎవర్ట్స్. మేలుకొని పని చేస్తున్న కోతుల మెదడులోని ఒక్కొక్క కణం స్పందనలను ఆయన 1960 దశాబ్దంలో నమోదు చేశాడు. చేయి కదలడానికి కొంచెం ముందే చలన కేంద్రంలోని కణాలు స్పందించడం గమనించాడు. అనగా, చర్యకు ముందు నడిచే మెదడు పనిని చూడవచ్చునని తేలినది.

కోతులే ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం చేతిలోనూ, కంటిలోనూ ఉన్నది. కోతికి మనిషి వలెనే ముందుకు చూసే రెండు కళ్ళు, ఒక్కచోట సూటిగా నిలిపే చూపు, వేరువేరుగా కదిలే వేళ్ళు ఉన్నాయి. చుంచెలుక మెదడులో దొరికిన సంగతులు ఎంత విలువైనవైనా, చేతివేళ్ళతో శనక్కాయ ఒలిచే మెదడును అర్థం చేసుకోవడానికి అవి చాలవు.

కృష్ణకు దక్షిణాన గుంటూరు, ప్రకాశం సీమలలో గుడుల దగ్గర, కొండల మీద, చింతతోపులలో పూర్వం నుంచి కనిపించే కోతి దక్షిణ భారతదేశానికి మాత్రమే చెందిన జాతి. దాని నడినెత్తి నుంచి వెంట్రుకలు నలువైపులా విచ్చుకొని టోపీ పెట్టినట్లుంటాయి. ఉత్తరాదికి చెందిన రీసస్ కోతి వేరు. అది క్రమంగా గోదావరి దాటి దక్షిణానికి వ్యాపిస్తున్నది. ప్రపంచ ప్రయోగశాలలలో ఎక్కువగా కనిపించేది రీసస్ కోతియే. ఒకప్పుడు భారతదేశం నుంచి ఈ కోతులను విదేశాల పరిశోధనలకు ఎగుమతి చేసేవారు. 1978లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించినది.

రక్తపు రంగు చెప్పిన కబురు

కరోనా రోజులలో ఇంటింటికీ పరిచయమైన ఒక చిన్న పరికరం ఉన్నది. వేలికి తగిలించగానే రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో అది చెబుతుంది. దానిలో రెండు చిన్న దీపాలు ఉంటాయి. ఒకటి ఎర్రని కాంతిని, రెండవది కంటికి కనపడని పరారుణ కాంతిని వేలిలోకి పంపుతాయి. ప్రాణవాయువును మోసుకొనిపోయే హీమోగ్లోబిన్ ఎర్రని కాంతిని తక్కువగా, పరారుణాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ప్రాణవాయువును వదిలిన హీమోగ్లోబిన్ దీనికి వ్యతిరేకంగా చేస్తుంది. రెండు కాంతులలో ఏది ఎంత మిగిలినదో పోల్చి పరికరం లెక్క కడుతుంది.

మెదడులోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. ఒకచోటి నాడీకణాలు పనిలో పడగానే అక్కడి రక్తంలోని ప్రాణవాయువును వాడుకుంటాయి. వెనువెంటనే ఆ చోటికి రక్తప్రవాహం పెరుగుతుంది. కనుక పనిచేసే చోటు రంగు లేశమాత్రం మారుతుంది. ఆ మార్పు చాలా స్వల్పం. మెదడు మీద పడి తిరిగి వచ్చే కాంతిలో అది వెయ్యింట ఒక వంతు వరకే ఉంటుంది. అయినా మంచి కెమేరాతో అనేక చిత్రాలు తీసి సగటు కడితే అది బయటపడుతుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ విజ్ఞాన సంస్థకు చెందిన అమిరమ్ గ్రిన్‌వాల్డ్, ఆయన సహచరులు 1986లో ఈ పద్ధతితో దృష్టి కేంద్రపు పటాలను గీశారు. 1991లో మేలుకొని ఉన్న కోతిలోనే ఇట్టి పటాలను తీయవచ్చునని చూపారు. హ్యూబెల్, వీసెల్ తీగలతో కణం తరువాత కణాన్ని విని ఊహించిన అమరిక ఇప్పుడు ఒక్క చిత్రంలో ప్రత్యక్షమైనది.

మనిషి విషయంలో పుర్రె తెరవకుండానే ఈ సూత్రాన్ని వాడుతున్నారు. చీకటిలో టార్చిలైటును అరచేతికి ఆనించి వెలిగిస్తే చేయి ఎర్రగా మెరుస్తుంది. తెల్లని కాంతిలోని నీలం, ఆకుపచ్చ భాగాలను రక్తం పీల్చుకుంటుంది. ఎరుపు మాత్రం దాటి వస్తుంది. ఎరుపుకు అవతల ఉన్న పరారుణ కాంతి మరింత లోపలికి పోగలదు. 1977లో ఫ్రాన్స్ యోబ్సిస్ అను శాస్త్రజ్ఞుడు ఈ కాంతి పుర్రెను దాటి మెదడు రక్తపు స్థితిని తెలుపగలదని ప్రకటించాడు. నేడు టోపీ వంటి పరికరంలో దీపాలు, గ్రాహకాలు అమర్చి, తల్లి ఒడిలో కూర్చున్న పసిపాప మెదడును సైతం ఏ బాధా లేకుండా పరిశీలిస్తున్నారు. అయితే ఈ చూపు మందమైనది. సుమారు ఒక సెంటీమీటరు, అంతకంటె ఎక్కువ వెడల్పు గల ప్రాంతం ఒక్కటిగానే కనిపిస్తుంది.

పైగా రక్తపు కబురులో ఒక లోపం ఉన్నది. కణం స్పందించిన తరువాత రక్తపు మార్పు పూర్తిగా కనపడడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఈలోగా గోడ మీది కోతి పండు అందుకోవడం, తినడం మొదలుపెట్టడం కూడా అయిపోతుంది. రక్తపు రంగు కరెంటు బిల్లు వంటిది. ఏ ఇంట్లో ఎంత వాడినారో తరువాత తెలుస్తుంది, ఏ దీపం ఏ క్షణాన వెలిగినదో తెలియదు.

కణానికే దీపం

కణపు స్పందననే నేరుగా కాంతిగా మార్చాలని శాస్త్రజ్ఞులు మొదటి నుంచీ ఆశించారు. స్పందన కలిగినప్పుడు నాడీతంతువు మీద కాంతి చెదిరే తీరులోనే మార్పు కలుగుతుందని 1968లో లారెన్స్ కోహెన్ మొదలగువారు చూపారు. విద్యుత్తును బట్టి మెరుపు మారే రంగులు తరువాత వచ్చాయి. 1986లోనే గ్యారీ బ్లాస్డెల్, గై సలామా అనువారు అట్టి రంగును కోతి మెదడు మీద వాడి దృష్టి కేంద్రపు పటాన్ని తీశారు. ఈ రంగులు వేగంగా స్పందిస్తాయి. 2002 నాటికి గ్రిన్‌వాల్డ్ బృందం మేలుకొని పనిచేసే కోతులలో కూడా వాటిని చాలాకాలం పాటు వాడగలిగినది. కాని రంగు అన్ని కణాలకూ, వాటి కొమ్మలకూ కలగలుపుగా పట్టుతుంది. అందులో ఒక్క కణాన్ని విడదీసి చూడడం కష్టం.

ఒక్కొక్క కణానికి ఒక్కొక్క దీపం సముద్రం నుంచి వచ్చినది. ఒసాము షిమోమురా అను జపాను శాస్త్రజ్ఞుడు అమెరికా పశ్చిమ తీరంలో వేలకొలది జెల్లీచేపలను పట్టి, వాటి వెలుగు రహస్యాన్ని శోధించాడు. నీలికాంతి పడితే ఆకుపచ్చగా మెరిసే ఒక ప్రోటీను వాటిలో ఉన్నట్లు 1962లో తెలిపాడు. ఇట్లు ఒక రంగు కాంతిని పీల్చుకొని మరొక రంగు కాంతిని వెదజల్లడాన్ని ప్రతిదీప్తి అంటారు. ఆ ప్రోటీనుకు సంబంధించిన కృషికి షిమోమురా, మార్టిన్ చాల్ఫీ, రోజర్ సియెన్ అనువారికి 2008లో నోబెల్ బహుమానం ఇచ్చారు.

ఇక ఈ దీపానికి మీట కావాలి. ఆ మీట కాల్షియం. విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపల కాల్షియం అతి తక్కువ. బయట ఉన్నదానితో పోల్చితే సుమారు పదివేలవ వంతు. కణం స్పందించగానే దాని పొరలోని తలుపులు తెరుచుకొని కాల్షియం లోపలికి వస్తుంది. 2001లో జపానులో జునిచి నకాయ్, ఆయన సహచరులు జెల్లీచేప ప్రోటీనును కాల్షియంను పట్టుకునే మరొక ప్రోటీనుతో జతచేశారు. కాల్షియం తగలగానే ఈ జంట ఆకారం మారి ఎక్కువగా మెరుస్తుంది. దీనికి జీక్యాంప్ అని పేరు. 2013లో వచ్చిన దాని ఆరవ రూపం మిక్కిలి సున్నితమైనది. ఈ ప్రోటీనును తయారుచేసే జన్యువును, రోగం కలిగించని ఒక వైరసులో పెట్టి మెదడులో కావలసిన చోట ప్రవేశపెడతారు. కొన్ని వారాలలో అక్కడి కణాలే తమ దీపాలను తాము తయారుచేసుకుంటాయి.

ఈ దీపానికీ ఒక బలహీనత ఉన్నది. గుడిగంటను ఒక్కసారి కొడితే దెబ్బ క్షణంలో ముగుస్తుంది కాని నాదం కొంతసేపు నిలుస్తుంది. అట్లే కణపు స్పందన సెకనులో వెయ్యవ వంతులో ముగిసినా, దీపపు మెరుపు దానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ సేపు ఉండి మెల్లగా తగ్గుతుంది. వెంటవెంట వచ్చే స్పందనలను లెక్కించాలంటే గణితపు సహాయం తప్పదు. అయినా రక్తపు కబురు కంటె ఇది ఎంతో వేగమైనది. పైగా కబురు పంపినది ఏ కణమో స్పష్టంగా తెలుస్తుంది.

పాలలో దీపం వంటి చిక్కు

దీపాలు వెలిగినంత మాత్రాన కనిపించవు. పుష్యమాసపు తెల్లవారుజామున రహదారి మీద పొగమంచు కమ్మినప్పుడు, ఎదుటి లారీ దీపం ఒక తెల్లని మసకగా మాత్రమే కనిపిస్తుంది. దీపపు కాంతి మంచు బిందువులకు తగిలి దారి మార్చుకొని నలువైపులా చెదిరిపోవడమే అందుకు కారణం. దీనిని పరిక్షేపణం అంటారు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం ఈ విషయంలో ప్రఖ్యాతి గడించిన భౌతికశాస్త్రజ్ఞుడు. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం మీద ఆయన రచించిన గ్రంథాన్ని 1940లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించినది. మెదడు కణజాలం కూడా పాల వలె, మంచు వలె కాంతిని చెదరగొడుతుంది. కనుక లోతున వెలిగే దీపాలు ఒకదానిలో ఒకటి కలిసి మసకబారుతాయి.

ఈ చిక్కుకు ఒక చక్కని పరిష్కారాన్ని 1990లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో విన్‌ఫ్రీడ్ డెంక్, జేమ్స్ స్ట్రిక్లర్, వాట్ వెబ్ కనుగొన్నారు. దానికి మూలమైన సిద్ధాంతాన్ని మరియా గోపెర్ట్ మేయర్ 1931లోనే ప్రకటించినది. సాధారణంగా ప్రతిదీప్తి కలగాలంటే నీలికాంతికి చెందిన ఒక్క ఫోటాను చాలు. దాని శక్తిలో సగం మాత్రమే ఉన్న రెండు పరారుణ ఫోటానులు ఒకే క్షణంలో తగిలినా అదే పని జరుగుతుంది.

మార్కెట్టు యార్డులో పత్తి బేలును ఒక్క హమాలీ ఎత్తలేడు. ఇద్దరు ఒకే క్షణంలో పట్టితేనే అది లేస్తుంది. హమాలీలు అక్కడక్కడ విడిగా తిరిగే చోట బేళ్ళు కదలవు. గుంపుగా ఉన్నచోట మాత్రమే కదులుతాయి. అదే విధంగా, లేజరు కిరణాన్ని కటకంతో ఒక బిందువు మీద కేంద్రీకరిస్తే, ఆ బిందువు దగ్గర మాత్రమే ఫోటానులు కిక్కిరిసి ఉండి జంటలుగా తగులుతాయి. మిగిలిన దారిలో మెరుపు పుట్టదు. కనుక వచ్చిన వెలుగు ఎంత చెదిరినా, అది ఆ ఒక్క బిందువు నుంచి వచ్చినదే అని నిశ్చయంగా చెప్పవచ్చును. బిందువును గళ్ళు గళ్ళుగా జరుపుతూ పోతే పూర్తి చిత్రం తయారవుతుంది. పరారుణ కాంతి తక్కువగా చెదురుతుంది కనుక లోతుకు కూడా పోగలదు.

చుంచెలుకలలో ఈ సూక్ష్మదర్శిని త్వరలోనే రాణించినది. కోతులలో చాలాకాలం చిక్కులు ఎదురైనవి. కోతి మెదడు పెద్దది. ప్రతి గుండె దెబ్బకు, ప్రతి శ్వాసకు అది కదులుతుంది, ఆ కదలిక ఒక కణపు వెడల్పు కంటె ఎక్కువ కావచ్చును. మెదడు పైపొర దళసరిది. కొత్త జన్యువులను దాని కణాలు సులభంగా స్వీకరించవు. 2016లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఇయాల్ సైడెమన్ బృందం పనిచేస్తున్న కోతులలో జీక్యాంప్ మెరుపులను విశాలమైన ప్రాంతం మీద చూడగలిగినది. 2017లో చైనాలోని పెకింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన షిమింగ్ తాంగ్ బృందం, మేలుకొని ఉన్న కోతిలో రెండు ఫోటానుల పద్ధతితో ఒక్కొక్క కణాన్ని నెలల తరబడి పరిశీలించినది.

తల మీది సూక్ష్మదర్శిని

ఇంకా ఒక లోటు మిగిలినది. పెద్ద సూక్ష్మదర్శిని కింద కూర్చోవాలంటే కోతి తల కదలకుండా ఉండాలి. గోడ మీది కోతి తల తిప్పి కర్రను చూసినది, పండును చూసినది, తరువాతనే చేయి చాచినది. తల బిగించి ఉంచితే ఆ సహజమైన నడవడిక కనపడదు. జంతువును సూక్ష్మదర్శిని దగ్గరకు తేవడానికి బదులు సూక్ష్మదర్శినినే జంతువు తల మీద పెట్టవచ్చును కదా!

2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కునాల్ ఘోష్, మార్క్ ష్నిట్జర్ మొదలగువారు రెండు గ్రాముల కంటె తక్కువ బరువు గల సూక్ష్మదర్శినిని తయారుచేశారు. దానిలోనే నీలి దీపం, కటకాలు, కెమేరా అన్నీ ఇమిడి ఉన్నాయి. చుంచెలుక దానిని తల మీద మోస్తూ అటూ ఇటూ తిరుగుతుంది. 2018లో జపాను పరిశోధకులు దక్షిణ అమెరికాకు చెందిన మార్మొసెట్ అనే చిన్న కోతులలో ఇట్టి సూక్ష్మదర్శినిని వాడారు.

పెద్దదైన రీసస్ కోతిలో ఈ పని నెరవేరినట్లు 2021లో ఒక పరిశోధనా పత్రం వెలువడినది. అందులో మొదటి పేరు అనిల్ బొల్లిముంత. ఈ ఇంటిపేరు గుంటూరు సీమ పాఠకులకు కొత్త కాదు. ఆ బృందం చలనాన్ని ముందుగా సిద్ధపరిచే మెదడు భాగాన్ని ఎన్నుకున్నది. చేయి ఏ వైపుకు చాచాలో కూర్చుకునే చోటు అదే. సన్నని కడ్డీ వంటి ఒక గాజు కటకాన్ని అక్కడ అమర్చారు. సాధారణ కటకం తన వంపు వలన కాంతిని వంచుతుంది. ఈ కడ్డీలో వంపు లేదు. నడుమ నుంచి అంచుకు పోయేకొద్దీ గాజు వక్రీభవన గుణకం క్రమంగా తగ్గుతుంది. ఆ మార్పే కాంతిని వంచి, లోపలి చిత్రాన్ని పైకి చేరవేస్తుంది. పైన చిన్న సూక్ష్మదర్శినిని తగిలించి, పని ముగియగానే తీసివేయవచ్చును.

తల బిగించకుండా వదిలిన కోతి చేయి చాచి గురిని అందుకునే పని చేసినది. ఆ సమయంలో వందకు పైగా నాడీకణాల మెరుపులు ఒక్కసారిగా నమోదైనవి. కొన్ని కణాలు ఒక దిశకు, మరికొన్ని వేరొక దిశకు ఎక్కువగా మెరిసినవి. ఆ మెరుపులను బట్టి ప్రతి సారీ కోతి ఎటు చేయి చాచుతున్నదో గణించి చెప్పగలిగారు. అవే కణాలను అనేక నెలల పాటు గుర్తించి వెంబడించారు. మెదడు కుడి, ఎడమ భాగాలను రెండింటినీ ఒకేసారి చూడడం కూడా సాధ్యమైనది.

ఒకే కణాన్ని నెలల తరబడి గుర్తుపట్టగలగడం సామాన్య విషయం కాదు. లోహపు తీగ కొంచెం జరిగితే వినిపించే కణం మారిపోవచ్చును. నిన్నటి కణమే నేటి కణమని చెప్పడం కష్టం. చిత్రంలో మాత్రం కణాల అమరిక నక్షత్ర మండలం వలె ఉంటుంది. నేటి చిత్రాన్ని నిన్నటి చిత్రం మీద పెట్టి పోల్చవచ్చును. కోతి ఒక పనిని నేర్చుకునేటప్పుడు ఏ కణం తన పని మార్చుకున్నదో, ఏది మార్చుకోలేదో ఈ విధంగానే తెలుస్తుంది.

కోతి క్షేమం, కొలత నిజం

మెదడు కణజాలానికి స్వయంగా నొప్పి తెలియదు. కటకం అమర్చే శస్త్రచికిత్స పూర్తి మత్తులో జరుగుతుంది. అయినా ఒక జంతువు పుర్రె తెరవడం చిన్న విషయం కాదు. భారతదేశంలో 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం, దాని కింద 1998లో వచ్చిన నియమాలు జంతు ప్రయోగాలను అదుపు చేస్తున్నాయి. చుంచెలుకతో తేలే ప్రశ్నకు కోతిని వాడకూడదు. ఒక కోతి నుంచి ఎక్కువ సమాచారం పొందగలిగితే కోతుల సంఖ్య తగ్గుతుంది. ఒకే కోతిని నెలల తరబడి పరిశీలించనిచ్చే కాంతి పద్ధతులకు ఈ దృష్టితో కూడా విలువ ఉన్నది.

దయతో పాటు శాస్త్ర ప్రయోజనం కూడా ఇందులో కలిసి ఉన్నది. బెదిరిన కోతి మెదడు బెదురునే చూపుతుంది, ఆలోచనను చూపదు. కనుక కోతి తన ఇష్టంతో వచ్చి పని చేసి పండ్లరసం తాగిపోవాలి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్. పి. అరుణ్ బృందం ఈ మార్గంలో కృషి చేసినది. వారి కోతులు దక్షిణాది టోపీ కోతులే. 2021లో వెలువరించిన పత్రంలో, విశాలమైన ఆవరణలో గుంపుగా ఉండే కోతులు తమంత తాము టచ్ స్క్రీను దగ్గరకు వచ్చి పనిచేసే ఏర్పాటును వారు వర్ణించారు. తల బిగించకుండానే కోతి చూపు ఎక్కడ నిలిచినదో కెమేరాతో కొలవగలిగారు. అది మెదడు లోపలి దీపాలను చూడడం కాదు. కాని అట్టి దీపాలను సహజమైన నడవడికలో చూడాలనుకునేవారికి ఇట్టి ఆవరణ ఎంతో అవసరం.

పక్షవాత రోగికి ఎంత దూరం?

2012లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో, సుమారు పదిహేనేళ్ళ క్రితం పక్షవాతంతో కాళ్ళు చేతులు పడిపోయిన ఒక స్త్రీ, మెదడులో అమర్చిన ఎలక్ట్రోడుల సహాయంతో యంత్రపు చేతిని నడిపి, సీసాలోని కాఫీని తనంత తాను తాగగలిగినది. ఆ కోరికను చదివినది కాంతి కాదు, విద్యుత్తు. మనిషి మెదడులో జీక్యాంప్ దీపాలు పెట్టే స్థితి ఇంకా రాలేదు. దానికి వైరసు ద్వారా కొత్త జన్యువును ప్రవేశపెట్టాలి, పుర్రె తెరవాలి, కటకం దించేటప్పుడు కొంత కణజాలం దెబ్బతింటుంది. రెండు ఫోటానుల పద్ధతి కూడా మెదడు పైపొరను దాటి లోతుకు సులభంగా పోలేదు. ఈ ఆటంకాలు చిన్నవి కావు.

కాని కాంతి సాధనాల ప్రయోజనం రోగి తల మీద పరికరం పెట్టడంతోనే మొదలు కాదు. చేయి చాచాలన్న కోరిక వందల కణాలలో ఏ విధంగా పంచబడి ఉన్నదో, రోజులు గడిచేకొద్దీ ఆ పంపకం ఎంతవరకు నిలుస్తుందో కాంతి చెబుతున్నది. ఎలక్ట్రోడులు ఎక్కడ అమర్చాలో, వాటి సంకేతాలను ఎట్లు చదవాలో, యంత్రాన్ని ఎప్పుడు తిరిగి సరిచేయాలో నిర్ణయించడానికి ఈ జ్ఞానమే ఆధారం.

640 కోట్ల కదుళ్ళు గల మిల్లులో నేటికి వందకు పైగా కదుళ్ళ దీపాలు ఒక్కసారి కనిపించినవి. అది ఒక మూలలో చిన్న వరుస మాత్రమే. అయినా ఆ వరుసను చూసినవారు, చేయి ఎటు సాగుతున్నదో చేతిని చూడకుండానే చెప్పగలిగారు. చిలకలూరిపేట గోడ మీద కోతి ఆగిన క్షణంలో జరిగే పనికి ఇప్పుడు ఒక చోటు, కొంత రూపం తెలిసినవి. మంచం మీది మనిషి గ్లాసు వైపు పంపే కోరిక కూడా అట్టి చోటనే, అట్టి రూపంలోనే ఉంటుందని ఆశించడానికి తగిన ఆధారం ఉన్నది.